పదిహేడో నంబరు బ్యాటరీ

బ్యాటరీల పనిలో నలభై ఏళ్ళకు దగ్గరగా ఉన్నాను. మొదట విజయనగరంలో ఒక ప్రైవేటు బస్సుల వర్క్‌షాపులో, రిటైరయ్యాక నరసన్నపేట దగ్గర హైవే మీద ఎలక్ట్రిక్ కార్లకు బ్యాటరీలు మార్చే యార్డులో. ఇప్పుడు రెండూ లేవు. ఇల్లుంది, వరండాలో కుర్చీ ఉంది, ఎవరెవరు నన్ను ఏమేమన్నారో మొత్తం గుర్తుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కొందరు వచ్చి అడుగుతున్నారు, కారు బ్యాటరీ మార్చుకునే పద్ధతి మన దగ్గర నిలబడుతుందా మేస్త్రీ అని. అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం నూకరాజు కార్డు సంగతి చెబుతాను. నూకరాజు భావనపాడు నుంచి వచ్చే టాక్సీ డ్రైవరు. సరిగ్గా పండగ వారంలో, నేను రాసిన ఒక కాగితం వల్ల అతని కార్డు ఆగిపోయింది. కార్డు ఆగితే అతనికి బ్యాటరీ లేదు. బ్యాటరీ లేకపోతే అతని కారు నాలుగు చక్రాల మీద నిలబెట్టిన రేకుల గది. అది ఎలా జరిగిందో చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు దానంతటదే వస్తుంది. మిగతా సగం చివర్లో చెబుతాను.

నీళ్ళు పోసేవాడు

బస్సుల వర్క్‌షాపులో నాది చాలామందికి పనిలాగే కనిపించేది కాదు. పొద్దున్నే వచ్చి బస్సు పక్క తలుపు తీయాలి, బ్యాటరీ మూతలు విప్పాలి, తగ్గినచోట డిస్టిల్డ్ వాటర్ పోయాలి, హైడ్రోమీటరు పెట్టి ఆసిడ్ బలం చూసి రాసుకోవాలి. చేరిన మొదటి నెలలోనే మా ఫోర్‌మన్ పదిమంది ముందు నన్ను పట్టుకున్నాడు.

"నీల్లు పొయ్యడానికి ఐ.టి.ఐ. ఎందుకురా? అవే నీల్లు మొక్కలకి పోస్తే కాయలైనా కాస్తాయి."

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. వాళ్ళలో ముగ్గురు పోయారు. అయినా నా జాబితాలోంచి తీయలేదు.

బ్యాటరీ మార్పిడిని ఎవరో ఈమధ్య కనిపెట్టారని చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. స్టార్టు కాని బస్సు నుంచి ఒకటి దించడం, చార్జింగు గదిలోంచి ఇంకోటి ఎక్కించడం మాకు రోజూ ఉండేదే. అక్కడే మూడు సంగతులు నేర్చుకున్నాను. బస్సులో బ్యాటరీలు రెండు జంటగా ఉంటాయి. ముసలిదాన్నీ కొత్తదాన్నీ జంట కడితే ముసలిది బాగుపడదు, కొత్తది పాడవుతుంది. ఇంకోటి, బ్యాటరీ చచ్చిపోయిందని దించినప్పుడు చాలామటుకు చచ్చింది బ్యాటరీ కాదు, తీగ కలిసే చోటు. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడి వేడినీళ్ళతో కడిగి, తుడిచి, గ్రీజు రాస్తే లేచి కూర్చునేది. అందుకే ఎవరేం చెప్పినా ముందు నేను టెర్మినలే చూసేవాణ్ణి. ఆ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

మూడోది మనుషుల సంగతి. ఒక డ్రైవరు బాగా పనిచేసే బ్యాటరీకి పసుపు దారం కట్టేవాడు. చార్జింగుకు దించినా అదే తిరిగి తన బస్సుకు ఎక్కాలి.

"ఈ దారం ఉన్నది నాది మేస్త్రీ. వేరేవోల్లకి ఇచ్చినావంటే ఊరుకోను."

"కంపెనీది నీదెలాగైందిరా?"

"కంపెనీది కంపెనీదే. మంచిది మాత్రం నాది."

మంచిది తన దగ్గర ఉండాలి, చెడ్డది పక్కవాడికి పోవాలి. మార్పిడి మీద నడిచే ఏ పనికైనా మొదటి శత్రువు ఆ దారమే.

నేను రిటైరైన రోజు నాకూ స్టోరు గుమాస్తాకూ కలిపి ఒకే సభ పెట్టారు. దండలు రెండు చెప్పామన్నారు. వచ్చింది ఒకటే. ఆయన మెడలోంచి తీసి నా మెడలో వేశారు. తడిగా ఉంది.

గ్యాస్ బండ మాట

తర్వాతి ఏడాది ఒక కంపెనీ వచ్చింది. పేరు రాయను. నరసన్నపేటలో ఒకటి, విజయనగరంలో ఒకటి యార్డులు పెట్టి, ఒకే రకం ఎలక్ట్రిక్ కార్లను టాక్సీ డ్రైవర్ల చేత కొనిపించింది. కారు డ్రైవరుది, బ్యాటరీ కంపెనీది. డ్రైవరు దగ్గర ఒక కార్డు ఉంటుంది. కారును సిమెంటు దిమ్మ మీదకు ఎక్కించి కార్డు తాకిస్తే కింద గోతిలోంచి లిఫ్టు బల్ల లేస్తుంది. బోల్టులు విప్పుతుంది, వాడేసిన బ్యాటరీని దించుకుపోతుంది, నిండినదాన్ని తెచ్చి బిగిస్తుంది. తెప్పించుకున్న టీ చల్లారేలోపు అయిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకూ ముచ్చటేసింది. అది దాచను.

బ్యాటరీలు చూసుకోవడానికి నన్ను నరసన్నపేట యార్డులో పెట్టుకున్నారు. అక్కడి మేనేజరు పేరు శ్రీధర్. హైదరాబాదు నుంచి వచ్చాడు, నా వయసులో సగం ఉంటాడు. నన్ను అంకుల్ అనేవాడు. మేస్త్రీ అనిపించుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. అంకుల్ కావడానికి జుట్టు నెరిస్తే చాలు. డ్రైవర్లతో పెట్టిన మొదటి మీటింగులో అతను చెప్పాడు:

"చాలా సింపుల్. గ్యాస్ బండ లాంటిది. ఖాళీది ఇస్తారు, నిండుది తీసుకుంటారు. అంతే."

నేను లేచాను. "గ్యాస్ బండలో అయిపోయేది లోపలి గ్యాసండి. బండ పాతదైనా వంట ఆగదు. ఇక్కడ అరిగిపోయేది బండే. నా కొత్త కారులోకి ఎవులిదో అరిగిపోయిన బేటరీ వస్తే నాకు కోపం రాదేటి?"

"కూర్చోండి అంకుల్. మీరు నీళ్ళు పోసిన బ్యాటరీల కాలం కాదిది."

నీళ్ళు! ఫోర్‌మన్ మాట ఇతని దాకా ఎవరు మోసుకొచ్చారో ఇప్పటికీ తెలియదు.

కోపం పక్కన పెట్టి మాట్లాడితే, ఆటోలకు ఈ పద్ధతి బాగానే సరిపోతుంది. ఆటో బ్యాటరీ చేత్తో ఎత్తేంత పెట్టె. ఆటో ఊరు దాటదు. విజయనగరం గంటస్తంభం చుట్టూ ఎంత తిరిగినా మార్చుకునే చోటు పక్క వీధిలోనే ఉంటుంది. కారు అలా కాదు. దాని బ్యాటరీ కారు నేలంతా పరుచుకుని ఉంటుంది, నలుగురు మనుషుల బరువు. ఎత్తాలంటే యంత్రం కావాలి. యంత్రానికి అన్ని కార్లూ ఒకే కొలతలో ఉండాలి. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ కారుకు ఎక్కదు, ఎక్కేలా చెయ్యాలని వాళ్ళకు పట్టింపూ లేదు. అన్నిటికంటే పెద్ద తిరకాసు, మా కార్లకు ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జి చేసుకునే ఏర్పాటే లేదు. అన్నీ యార్డే చూసుకుంటుందని అది తీసేశారు. అప్పట్లో ఆ సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు. నాకూ పట్టలేదు.

డిక్కీలో గంపలు

నూకరాజు మత్స్యకారుల ఇంట్లో పుట్టి, వేటకు పోకుండా స్టీరింగు పట్టుకున్న మనిషి. పడవెక్కితే వాంతులు. ఆ మాట అతనే చెప్పుకుని నవ్వేవాడు. భార్య ఎర్రమ్మ చేపలు అమ్ముతుంది. పొద్దున్నే ఆమె గంపలు డిక్కీలో వేసుకొచ్చి నరసన్నపేట బజారులో దించి, ఆ తర్వాత మనుషుల్ని ఎక్కించుకునేవాడు. గంపల కింద టార్పాలిన్ వేసేవాడు. దించాక మంచినీళ్ళతో కడిగేవాడు. అయినా వాసన వచ్చేది.

నేను మొదటి రోజే అడ్డుపడ్డాను.

"ఏటిది నూకరాజూ? ఈ ఉప్పునీరు కారితే కింద కప్లింగు ఏటవుతాది?"

"కారదు మేస్త్రీ. టార్పాలు ఏసినాను, సూడు."

"రేపీ బేటరీ ఇంకొకలి కారులోకి ఎల్తాది. నీ ఉప్పు ఆల కారుకి అంటుకుంతాది."

"మా ఉప్పు తిన్నోల్లెవులూ ఇంతవరకు సెడిపోనేదు మేస్త్రీ. నువ్వూ తింతన్నావు, బాగానే ఉన్నావు కదా."

కప్లింగు అంటే బ్యాటరీకీ కారుకూ కరెంటు కలిసే చోటు. రాగి పిన్నులు, చుట్టూ రబ్బరు వాచరు, పైన మూత. బస్సు టెర్మినల్‌కు చుట్టమే, కాకపోతే ఇక్కడ కరెంటు మనిషిని చంపేంత ఉంటుంది. అందుకే కాస్త చెమ్మ చేరి కరెంటు పక్కకు కారుతున్నట్టు పసిగడితే చాలు, కారులో ఎర్ర లైటు వెలిగి బండి ఆగిపోతుంది. మామూలు ఎలక్ట్రిక్ కారులో కప్లింగును ఫ్యాక్టరీలో ఒకసారి బిగిస్తే మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. మాది రోజూ విప్పి బిగించాలి. పైగా ఒక కప్లింగు పాడైతే, ఆ బ్యాటరీ తర్వాత ఎక్కిన కారు కూడా పాడవుతుంది. మార్పిడిలో బ్యాటరీతో పాటు దాని జబ్బు కూడా చేతులు మారుతుంది.

అందుకే చేపలు వెయ్యకుండా నిబంధన పెట్టమని శ్రీధర్‌కు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ జవాబు లేదు. మూడు కాగితాల నకళ్ళూ నా దగ్గర ఉన్నాయి.

కాయ ఎవరు కొట్టాలి

వర్క్‌షాపులో ఉన్నన్నాళ్ళూ ఆయుధపూజ ఫోర్‌మన్ చేతుల మీదుగా జరిగేది. నేను కొబ్బరికాయల సంచి మోసేవాణ్ణి. ఈ యార్డులో ఆ ఏడాది కాయ ఎవరు కొట్టాలని మాట వచ్చింది. శ్రీధర్ ముందుకు రాబోతుంటే వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"మేస్త్రీ కొట్టాల. పెద్దోడు ఉండగా ఇంకెవులు కొడతారు?"

ఆ గొంతు నూకరాజుది.

పూజకని లిఫ్టు బల్ల మీద ఒక బ్యాటరీ పెట్టాం. ముందురోజు నూకరాజు కారులోంచి దిగింది అదే. చార్జి నిండి ఎక్కించడానికి సిద్ధంగా ఉంది. అందువల్ల కప్లింగు మూత తీసి ఉంది. పక్కన తెల్ల పెయింటుతో 17 అని అంకె. పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూలు చల్లాం. శ్రీధర్ కర్పూరం పళ్ళెం పట్టుకున్నాడు. నేను కాయ కొట్టాను. ఒక్క దెబ్బకు రెండు సమానమైన చెక్కలు. డ్రైవర్లు ఈలలు వేశారు.

మా వర్క్‌షాపులో ఒక అలవాటుండేది. కాయలో నీళ్ళు నేలపాలు చెయ్యరు. చెక్కలో పట్టి బండి మీదా, బ్యాటరీల మీదా చేత్తో చిలకరిస్తారు. బస్సు బ్యాటరీకి దానివల్ల ఏమీ కాదు. తర్వాత గుడ్డతో తుడిచేవాణ్ణి. అన్నేళ్ళ అలవాటున్న చెయ్యి నన్ను అడగలేదు. చెక్క వంచింది, చిలకరించింది, చివర్లో మిగిలిన కాసిన్ని నీళ్ళూ అక్కడే వంపేసింది. పైన గుడ్డతో తుడిచాను కూడా. వాచరు కిందకు గుడ్డ వెళ్ళదు.

శ్రీధర్ ఫోటో తీయించి మా ఫోన్ల గ్రూపులో పెట్టాడు. అందులో కర్పూరం పళ్ళెంతో అతను నిండుగా ఉన్నాడు. నేను లేను. కుడి పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి ఉంది, కొబ్బరి చెక్కతో. చేతి గడియారాన్ని బట్టి అది నాదని గుర్తుపట్టాలి. ఆ ఫోటో దాచుకున్నాను. ఇలాంటివి నేను పారెయ్యను.

ఎర్ర లైటు

మర్నాడు పదిహేడో నంబరు ఒక విజయనగరం డ్రైవరు కారులోకి వెళ్ళింది. ఆ మర్నాడు, శుక్రవారం, ఆ కారు హైవే మీద ఎర్ర లైటు వేసుకుని ఆగిపోయింది. లోపల పెళ్ళిచూపులకు పోతున్న కుటుంబం. పట్టుచీరలతో ఎండలో నిలబడి, వచ్చే పోయే లారీలకు చెయ్యెత్తారట. కారును ఈడ్చుకొచ్చి బ్యాటరీ దించితే, కప్లింగులో పిన్ను మొదట్లో పచ్చటి మరక కనిపించింది. అంతకుముందు ఆ బ్యాటరీ వాడిందెవరని కంప్యూటరులో చూశాం. నూకరాజు.

ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదు. సంతోషం. మూడుసార్లు రాస్తే పక్కన పడేశారు కదా, ఇప్పుడు చూడండి అనిపించింది. టెర్మినలే ముందు చూడాలని జీవితమంతా చెప్పినవాణ్ణి, ఆ వాచరు ఎత్తి కిందేముందో చూడలేదు. కాగితం తీశాను. 'చేపల ఉప్పునీరు కారడం వల్ల' అని రాశాను. 'వల్ల కావచ్చు' అని రాయలేదు.

శ్రీధర్ నా రాతను మొదటిసారి చివరిదాకా చదివాడు. గంటలో కార్డు ఆపించాడు. గోడ మీద నోటీసు అంటించాడు. అందులో ఇంటిపేరుతో సహా నూకరాజు పేరు, చేసిన తప్పు, కింద 'టెక్నికల్ ఇన్‌చార్జి రిపోర్టు ప్రకారం' అని ఉంది. నా హోదాను అచ్చులో చూసుకోవడం అదే మొదలు. రెండుసార్లు చదువుకున్నాను.

సాయంత్రం నూకరాజు వచ్చి దిమ్మ ఎక్కి కార్డు తాకించాడు. బల్ల కదల్లేదు.

"ఏటైనాది మేస్త్రీ? మిషను పన్జెయ్యట్లేదేటి?"

గోడ చూపించాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"నానెప్పుడూ కారనియ్యనేదు. నువ్వు సూడనేదా?"

"ఆధారం ఉన్నాది."

"మంగలారం అమ్మోరి సిరిమాను. విజినారం ట్రిప్పులన్నీ ఒప్పేసుకున్నాను. ముసిలోల్లు, పిల్లలు, అందరికీ మాటిచ్చేసినాను. ఇప్పుడు నానేటి సెయ్యాల?"

"నన్నడగకు. నీకు ముందే సెప్పాను."

అతను బండి వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు. మిగిలిన చార్జితో ఇల్లు చేరతాడా లేదా అని నేను అడగలేదు. చేరలేదట. నరసన్నపేటలోనే తెలిసినవాళ్ళ పెరట్లో కారు వదిలేసి బస్సులో ఊరికి పోయాడని తర్వాత తెలిసింది.

ఉప్పు తెలిసిన మనిషి

శనివారం పొద్దున్న ఖాళీ గంప చంకన పెట్టుకుని ఒకావిడ గేటు దగ్గరకు వచ్చింది.

"మేస్త్రీ అంటే నువ్వేనా బాబూ?"

"అవును."

"మా ఆయన ఉప్పునీరు పోసీసినాడని రాసినోడివి నువ్వేనా?"

ఎర్రమ్మ అని అప్పుడర్థమైంది. "రాసింది నానే. ఉన్నదే రాసాను."

"ఏదీ, సూపించు. ఉప్పు సంగతి నీకంటే నాకు ఎక్కువ తెల్సు."

బయటివాళ్ళను లోపలికి రానివ్వకూడదు. అయినా నా రిపోర్టు మీద నాకున్న నమ్మకం కొద్దీ రానిచ్చాను. ఇంజనీరు వచ్చి చూసేదాకా పదిహేడో నంబరును షెడ్డు మూల బల్ల మీద పెట్టాం. కరెంటు తెగేలా లోపలి ప్లగ్గు తీసేశాం. ఆమె ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూసింది.

"సీమలు," అంది.

నిజమే. గోడ మీంచి చీమల బారు దిగి కప్లింగులోకి పోతోంది. ఆ పొద్దున్నే ఒకసారి గుడ్డతో దులిపాను. మళ్ళీ వచ్చాయి. నేను చీమల్ని చూశాను, అవెందుకు వచ్చాయో చూడలేదు.

"ఉప్పుకి సీమలు పడతాయేటి బాబూ? ఉప్పునీరు ఆరితే తెల్లగ పొడైపోతాది, గోరుతో గీకితే రాలిపోతాది. అదుగో సూడు, రబ్బరు అంచున బంకలాగున్నాది. తీపిదేదో పడ్డాది. మీ బేటరీలకి పానకం పోస్తారేటి?"

నవ్వబోయాను. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఫోను తీసి, కోపంతో దాచుకున్న ఆ ఫోటో వెతికి పెద్దది చేశాను. శ్రీధర్‌ను పక్కకు జరిపితే కుడివైపు నా చెయ్యి, చేతిలో వంచిన చెక్క, దాని కింద నోరు తెరుచుకున్న కప్లింగు, పక్కన తెల్ల పెయింటుతో 17.

"ఏటది?"

"ఏటీ నేదమ్మా," అన్నాను.

ఆమె కదల్లేదు. గంప ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. చీమలు వాటి పని అవి చేసుకుంటున్నాయి.

"కొబ్బరినీల్లు," అన్నాను చివరికి. "పూజ నాడు. నానే పోసాను."

ఎర్రమ్మ నన్ను తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడ్డాను కూడా.

"ఆ మాట ఆ గోడ మీద రాయి మరి," అని వెళ్ళిపోయింది.

నా మీద నేను

శ్రీధర్‌కు ఫోను చేశాను.

"అంకుల్, ఇప్పుడు ఇవన్నీ ఎందుకు? పండగ కానివ్వండి, చూద్దాం."

"పండగకే కదండీ ఆయనకి కార్డు కావాల."

"మీరు అర్థం చేసుకోవట్లేదు. తప్పు యార్డుదంటే పైవాళ్ళు నన్ను అడుగుతారు. ఆ ఫోటోలో నేనున్నాను."

"మీరు నిండుగా ఉన్నారు. నాదే చెయ్యొక్కటి ఉన్నాది. ఆ చెయ్యే తప్పు చేసిందని రాస్తాను, మీకేటి?"

ఫోను పెట్టేశాడు.

ఫిర్యాదులు రాయడం నాకు కొత్త కాదు. చార్జింగు గదిలో ఆసిడ్ ఆవిరికి ఊపిరాడక ఒక ఫ్యాను కోసం వర్క్‌షాపులో పదకొండు ఉత్తరాలు రాశాను. పన్నెండోది రాయకముందే ఫ్యాను వచ్చింది. కానీ నా మీద నేను రాయడం ఇదే మొదలు. రాయడం కష్టమేమీ కాలేదు. ఎవరి మీద రాసినా తేదీ, చోటు, చేసిన పని, సాక్ష్యం, అంతే కదా. ఫోటో జతపరిచి, శ్రీధర్ పైవాళ్ళకు, వాళ్ళ పైవాళ్ళకు పంపాను. ఆదివారం ఫోను చేశాను. సోమవారం మూడుసార్లు చేశాను. 'చూస్తున్నాం' అన్నారు.

మంగళవారం సిరిమాను ఉత్సవం. పొద్దున్న పది కాకముందే యార్డులో నిండిన బ్యాటరీలు అయిపోయాయి. డ్రైవర్లు వరసగా కార్లాపుకుని, ఎక్కిన జనం చేత తిట్లు తింటూ కూర్చున్నారు. ఆరోజు రావలసిన కార్లలో ఒకటి పెరట్లో ఆగి ఉంది. నూకరాజు మాటిచ్చినవాళ్ళలో ఒక ముసలాయన వెతుక్కుంటూ యార్డుకే వచ్చాడు.

"నూకరాజు ఏడి బాబూ? ఏటేటా అమ్మోరిని సూస్తాను. ఈ ఏడు కారులో తీసుకెల్తానన్నాడు. మాట తప్పే మనిషి కాదే."

నోటీసు ఆయన వెనక గోడ మీదే ఉంది. ఆయనకు చదువు రాదు. "నూకరాజు తప్పు కాదండీ," అని మాత్రం చెప్పి, ఇంకో కారులో ఇరికించి పంపాను.

నేను రాసిన ఒక తప్పుడు మాటకు కార్డు మూతపడటానికి గంట పట్టింది. నిజం రాశాక తెరుచుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

మిగతా సగం జవాబు

కార్లకు బ్యాటరీ మార్పిడి ఎక్కడ పనికొస్తుందంటే, ఒకే రకం కార్లు, ఒకే యజమాని, రోజూ సాయంత్రానికి ఒకే గూటికి చేరే చోట. అక్కడ బ్యాటరీని ఎవరు ఎలా వాడారో తెలుస్తుంది. నరసన్నపేట నుంచి విజయనగరం దాకా, అక్కడినుంచి ఎక్కడికో పోయే సొంత కార్లకు ఇది కుదిరే పని కాదు. చార్జింగు తొందరగా అయ్యే కార్లు వచ్చేకొద్దీ దీని అవసరం ఇంకా తగ్గుతుంది. ఆ యార్డు ఇప్పుడు ఆటో బ్యాటరీలు మారుస్తోంది, బాగానే నడుస్తోందని విన్నాను. నేను ముందే చెప్పాను. ఈ మాట ఇంకోసారి చెప్పుకునే హక్కు నాకుంది.

నేను ముందే చెప్పనిది ఒకటుంది. బరువు, కొలతలు, యంత్రం అన్నీ లెక్కపెట్టాను. కానీ ఈ పద్ధతిలో డ్రైవరు బతుకు ఇంకొకరి సంతకం మీద ఆధారపడి ఉంటుందని, ఆ సంతకం నాదే కావచ్చని నాకు తట్టలేదు. మీరు ఇలాంటి చోట చేరితే, పనిముట్లకంటే ముందు ఈ సంగతి అడగండి: కార్డు ఎవరు ఆపగలరు, ఎవరి మాట మీద ఆపుతారు, ఆగినవాడు ఎవరితో చెప్పుకోవాలి. ఇంట్లో ప్లగ్గు పెట్టుకునే వీలు లేని కారును ఎవరికీ అంటగట్టకండి. వాచరు ఎత్తి కింద చూడకుండా రిపోర్టు రాయకండి. పూజ చేసుకోండి, కాయ గేటు బయట కొట్టండి.

బుధవారం పొద్దున్న కార్డు తెరిచారని ఫోను వచ్చింది. నేను పాత నోటీసు పీకేసి, అదే చోట నా ఉత్తరం అంటించి నిలబడ్డాను. నూకరాజు పెరట్లోంచి కారు తీసుకొచ్చాడు. దిమ్మ ఎక్కలేదు. దిగి గోడ దగ్గరకు వచ్చాడు. మిగతా డ్రైవర్లు చుట్టూ చేరారు. అతను పైకే చదివాడు, ఆగి ఆగి.

"పదిహేడో నంబరు బ్యాటరీ కప్లింగులో కొబ్బరినీళ్ళు పోసినది నేను. సరిగా చూడకుండా తప్పు నూకరాజు మీద వేసి రాసినది నేను..."

"బేటరీకి దాహం ఏసినాదేటి మేస్త్రీ?" అని వెనకనుంచి ఒకడు అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో గుర్తుంది. వాళ్ళది తప్పు కాదు.

నూకరాజు నవ్వలేదు. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చి వేలు పెట్టాడు.

"ఇంటిపేరు నేదు."

"ఏటి?"

"ఆ కాయితంలో నా ఇంటిపేరు ఉన్నాది. దీంట్లో నేదు. మా ఊరిలో నూకరాజులు శానామంది."

జేబులోంచి పెన్ను తీశాను. గోడ గరుకు. నూకరాజు అన్న మాట ముందు మిగిలిన కాస్త ఖాళీలో మైలపల్లి అని రాశాను. అక్షరాలు వంకర పోయాయి, అయినా చదవొచ్చు. అతను దగ్గరకు వంగి చూశాడు. ఫోను తీసి ఫోటో తీసుకున్నాడు.

"సంతకం పడినాదా?" అని అడిగాను.

"మొత్తం పడినాది."

కారెక్కి దిమ్మ మీదకు పోనిచ్చి కార్డు తాకించాడు. బల్ల లేచింది.

మరుసటి ఏడాది పూజకు కాయ కొట్టమని నూకరాజు నన్ను అడగలేదు. ఎదురుపడితే తల ఊపేవాడు, అంతే. నేను ఇంకేమీ ఆశించలేదు. నా ఉత్తరం ఫోటో అతని దగ్గరే ఉండి ఉంటుంది. పారెయ్యడు. నేనైతే పారెయ్యను.